తొమ్మిదంటే ఎంత?

మన పత్రికకు ఏదైనా రాయమని సంపాదకులు ఏడాదిగా అడుగుతున్నారు. కథలూ కవితలూ నాకు చేతకావు. కాబట్టి నేను చూసిందీ, చేసిన పొరపాటూ, తరువాత చదివి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. ప్రతి చలికాలం అమ్మానాన్నలను ఇక్కడికి పిలిపించుకునే మనలాంటి కుటుంబాలకు ఇది కొంచెమైనా పనికొస్తుందని నా ఆశ.

2019 జనవరిలో మా నాన్నగారూ అమ్మా మస్కట్ వచ్చారు. నాన్నగారికి అప్పటికి 74 ఏళ్ళు. తెనాలి దగ్గర హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. రోజూ ఒక బీపీ మాత్ర తప్ప వేరే మందు ఎరగరు. వచ్చిన కొత్తలో సాయంత్రాలు ముత్రా కార్నీషు మీద నడిచారు. ఒక శుక్రవారం నిజ్వా కోట ఎక్కి దిగారు. పక్క ఫ్లాటులోని ఒమానీ కుటుంబం పంపిన హల్వా ఆయనకు బాగా నచ్చింది. "ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా పథ్యమెందుకు" అని అమ్మ రోజూ భోజనం తరువాత ఒక చెంచాడు పెట్టేది.

మూడో వారంలో జలుబు అన్నారు. తరువాత దగ్గు, జ్వరం. ఒక రాత్రి రెండు గంటలకు ఊపిరి అందక లేచి కూర్చున్నారు. ఆస్పత్రికి తీసుకువెళితే నిమోనియా రెండు ఊపిరితిత్తులకూ పాకిందని చెప్పి ఐ.సి.యు.లో చేర్చుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి వెంటిలేటరు పెట్టారు.

చేర్చిన రాత్రే నర్సు రక్తం పరీక్ష చేసి షుగరు 15.2 ఉందని చెప్పింది. మన ఊళ్ళో అయితే షుగరు 100, 150, 200 అని మిల్లీగ్రాముల్లో చెబుతారు. ఇక్కడ లెక్క మిల్లీమోళ్ళలో. దాన్ని 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. 15.2 అంటే సుమారు 274 అన్నమాట. ఆ సంగతి చెప్పగానే అమ్మ బయట బెంచీ మీద కూలబడిపోయింది.

"ఆయనకు షుగరెప్పుడుందిరా? ఆ హల్వా నేనే పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను."

ఎంత చెప్పినా వినలేదు. రాత్రంతా అదే మాట.

తెల్లవారి డ్యూటీకి వచ్చిన డాక్టరు చిన్నవాడు, ఒమానీ. చాలా ఓపికమంతుడు. నేను అమ్మ బాధ చెబితే అతను నవ్వకుండా విన్నాడు. మూడు నెలల షుగరు సరాసరి చెప్పే పరీక్ష మామూలుగానే ఉందని కాగితం చూపించాడు. అంటే ఇది పాత చక్కెర వ్యాధి కాదు, హల్వా వల్ల వచ్చిందీ కాదు. ఒంటికి పెద్ద ఆపద వచ్చినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయాన్ని తొందరపెట్టి రక్తంలోకి గ్లూకోజు పంపిస్తాయి. అదే సమయంలో కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. చక్కెర వ్యాధి లేనివాళ్ళకు కూడా ఐ.సి.యు.లో షుగరు పెరగడం చాలా మామూలు సంగతి అని చెప్పాడు. అమ్మకు తెలుగులో చెప్పాను. సగం నమ్మింది.

ఇన్సులిన్ పంపు పెట్టారు. రెండో రోజుకు షుగరు 10 దిగువకు వచ్చింది. ఆ తరువాత 8కీ 10కీ మధ్య తిరుగుతూ ఉంది. న్యూజెర్సీలో ఉన్న మా తమ్ముడు పొద్దునా సాయంత్రం ఫోను చేసేవాడు.

"షుగరెంత అన్నయ్యా?"

"తొమ్మిది."

"తొమ్మిదంటే ఎంత?"

"నూట అరవై రెండు."

"నాలుగు రోజులనుంచీ నూట అరవై దగ్గరే వదిలేశారేమిటి? నార్మల్‌కు తెమ్మను. నువ్వు మొహమాటపడకు, గట్టిగా అడుగు."

నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే ఆ గొంతు నాదే. పదమూడేళ్ళ కిందట అచ్చం అవే మాటలు నేను అన్నాను.

2006లో మా పెద్ద మామయ్యకు, అంటే అమ్మకు అన్నగారికి, కోస్తాలో ఒక ఆస్పత్రిలో గుండె బైపాస్ ఆపరేషను జరిగింది. తరువాత ఊపిరితిత్తులు తేరుకోక వెంటిలేటరు మీద ఉంచారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. అంతకుముందే ఒక ఇంగ్లీషు పత్రికలో బెల్జియం పరిశోధన గురించి చదివి ఉన్నాను. లూవెన్‌లో గ్రేట్ వాన్ డెన్ బెర్గే అనే డాక్టరు చేసిన పని అది. 2001లో ప్రచురించారు. ఆపరేషనయ్యి ఐ.సి.యు.కు వచ్చిన 1,548 మందిని రెండు భాగాలు చేసి, ఒక భాగానికి షుగరును ఇన్సులిన్‌తో 80, 110 మధ్య బిగించి ఉంచారు. మామూలు పద్ధతిలో ఐ.సి.యు.లో 100కి 8 మంది చనిపోతే, బిగించినవాళ్ళలో 4.6 మందే చనిపోయారు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. నేనూ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని డాక్టరుగారి ముందు నిలబడ్డాను. "150 ఎందుకుంటోందండీ? 110 లోపు ఉంచవచ్చు కదా?" అని అడిగాను. ఇంజనీరును కదా, నాలుగు అంకెలు చదివితే అన్నీ తెలుసుననుకున్నాను.

నా ఒక్కడి మాట మీదే వాళ్ళు మార్చారని అనను. ఆ రోజుల్లో అన్నిచోట్లా ఆ గాలే వీస్తోంది. రెండు రోజుల్లో మామయ్య షుగరు 100 దగ్గరకు వచ్చింది. చార్టు చూసి సంతోషించాను. నాలుగో రాత్రి ఏదో స్కానుకు తీసుకువెళ్ళాలని ముక్కు గొట్టంలో పోసే ఆహారం ఆపారు. ఇన్సులిన్ పంపు నడుస్తూనే ఉంది. స్కాను ఆలస్యమైంది. తిరిగి వచ్చాక కూడా ఆహారం మొదలుపెట్టలేదు. ఎవరో చూసేసరికి షుగరు 26. మెలకువగా ఉన్న మనిషికైతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, "నాకేదోగా ఉంది" అంటాడు. మత్తుమందు కింద ఉన్న మనిషి ఏమీ చెప్పలేడు. మామయ్య మళ్ళీ కళ్ళు తెరవలేదు. 19 రోజుల తరువాత పోయారు. గుండె జబ్బు అనుకున్నారు అందరూ. ఆ చార్టు చూసిన నాకు మాత్రం సంగతి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

తరువాత ఏమైందో కూడా చెప్పాలి. జర్మనీలో తీవ్రమైన ఇన్‌ఫెక్షను ఉన్నవాళ్ళ మీద చేసిన ఇలాంటి పరీక్షలో షుగరు మరీ పడిపోతోందని ఇన్సులిన్ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. దాన్ని 2008లో ప్రకటించారు. 2009లో నైస్ షుగర్ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ప్రధానంగా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడాలలో 6,104 మందితో చేశారు. అందులో బిగించి ఉంచినవాళ్ళలో 90 రోజుల్లో 27.5 శాతం, 180 లోపు ఉంటే చాలనుకున్నవాళ్ళలో 24.9 శాతం చనిపోయారు. షుగరు 40కి పడిపోవడం మొదటివాళ్ళలో 6.8 శాతానికీ, రెండోవాళ్ళలో 0.5 శాతానికీ జరిగింది. ఆ తరువాత చాలా ఆస్పత్రులు 180 దాటితే ఇన్సులిన్ మొదలుపెట్టి 144కీ 180కీ మధ్య ఉంచే పద్ధతికి వచ్చాయి. మస్కట్ డాక్టరు నాన్నగారికి 8, 10 అన్నది అదే లెక్క.

మరి లూవెన్‌లో మంచి జరిగి, మిగతాచోట్ల ఎందుకు చెడింది? వాళ్ళు రోగి వచ్చిన రోజునుంచే నరం ద్వారా గ్లూకోజూ పోషకాహారమూ ఇచ్చేవారు. ధమనిలోంచి రక్తం తీసి మంచి యంత్రంలో చూసేవారు. అది ఒకే ఆస్పత్రి, అలవాటుపడిన నర్సులు. వేరేవాళ్ళు 80, 110 అనే రెండు అంకెలనే తీసుకున్నారు. ఆ అంకెల వెనకున్న వంటిల్లంతా తీసుకోలేదు. నేను జేబులో పెట్టుకున్న కాగితంలో కూడా ఆ రెండు అంకెలే ఉన్నాయి.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి కొంచెం చెప్పాలి. బర్కాలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటులో చాలా ఏళ్ళు కంట్రోలు రూములో పనిచేశాను. ఉప్పునీటిని ఆవిరితో కాచేచోట వేడి తగ్గితే నీళ్ళు తగ్గుతాయి, ఎక్కువైతే గొట్టాల లోపల గట్టి పొర కడుతుంది. ఆవిరి వాల్వు తిప్పగానే మీటరు కదలదు, కొంతసేపు పడుతుంది. కొత్తగా చేరిన కుర్రాడు మీటరు కదల్లేదని ఇంకొంచెం తిప్పుతాడు. అప్పుడు రెండు తిప్పుళ్ళ ఫలితమూ కలిసి వచ్చి పడుతుంది. మేము వాడికి మొదట నేర్పేది, "ఇప్పుడున్న అంకెను చూసి కాదు, రాబోయే అంకెను ఊహించి తిప్పు" అని. మనిషి ఒంట్లో ఇది ఇంకా కష్టం. ఇన్సులిన్ రక్తంలోంచి నిమిషాల్లో పోయినా దాని పని కండరాల దగ్గర కొంతసేపు సాగుతూనే ఉంటుంది. పైగా ఎక్కించిన ఇన్సులిన్‌ను వెనక్కి లాగే వాల్వు లేదు. గ్లూకోజు ఇచ్చి దిద్దుకోవాలి. అదికూడా, పడిపోయిందని మనకు తెలిస్తేనే.

ఆ ఐ.సి.యు. బయట కూర్చున్న రోజుల్లోనే నాకు తెలిసింది, ఈ లెక్కను మావంటి ఇంజనీర్లు ఎప్పుడో పట్టుకున్నారని. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ అనే ఊళ్ళో జెఫ్రీ చేజ్ అనే మెకానికల్ ఇంజనీరింగు ప్రొఫెసరూ, అక్కడి ఐ.సి.యు. డాక్టరు జెఫ్రీ షా కలిసి పనిచేశారు. వాళ్ళ పద్ధతి ఇలా ఉంటుంది.

రక్తాన్ని ఒక నీళ్ళ తొట్టి అనుకోండి. అందులోకి గ్లూకోజు రెండు దారుల్లో వస్తుంది, ఆహారపు గొట్టంనుంచీ, కాలేయంనుంచీ. బయటకు పోయే దారులు కూడా ఉన్నాయి. మెదడు ఇన్సులిన్ అక్కర్లేకుండానే తీసుకుంటుంది. కండరాలు ఇన్సులిన్ చెబితేనే తీసుకుంటాయి. ఎంత ఆహారం పోశామో, ఎంత ఇన్సులిన్ ఇచ్చామో మనకు తెలుసు. రెండు గంటల కిందటి షుగరూ ఇప్పటి షుగరూ తెలుసు. తెలియనిది ఒక్కటే: ఈ మనిషిలో, ఈ పూట, ఒక యూనిట్ ఇన్సులిన్ ఎంత పని చేస్తోందన్నది. దాన్ని సమీకరణాల సాయంతో వెనక్కి లెక్కగడతారు. ఒక్కో రోగికి అది ఒక్కో రకం. ఒకే రోగికి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. జ్వరం దిగితే హఠాత్తుగా పెరుగుతుంది. పొద్దున సరిపోయిన మోతాదే సాయంత్రానికి ఎక్కువైపోవడం అందుకే.

ఇంతవరకే అయితే గొప్పేమీ లేదు. ఆ సంఖ్య రాబోయే గంటల్లో ఎలా మారుతుందో ఎవరికీ కచ్చితంగా తెలియదని వాళ్ళు ఒప్పుకున్నారు. నాకు నచ్చింది ఆ ఒప్పుకోలే. పాత రోగుల రికార్డులన్నీ చూసి, ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్ళకు తరువాత ఎంతనుంచి ఎంతవరకు మారిందో ఒక పట్టీ కట్టారు. మోతాదు నిర్ణయించేది మధ్యలో ఉన్న అంకెను చూసి కాదు. ఆ పట్టీలో చెడ్డ కొస వచ్చినా షుగరు ప్రమాదపు గీత దాటకుండా చూసి నిర్ణయిస్తారు. మన పెద్దవాళ్ళు వర్షాలు బాగా పడతాయని నమ్మినా గాదెలో కొంత గింజ ఉంచుకునేవారు కదా, అటువంటిదే.

2005లో వాళ్ళు క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రిలో మొదలుపెట్టిన స్ప్రింట్ అనే పద్ధతిలో మంచం దగ్గర కంప్యూటరు కూడా లేదు. లెక్కంతా ముందే కంప్యూటరులో చేసి, దాన్ని రెండు చక్రాల్లోకి దించారు. ఒకటి ఇన్సులిన్‌కు, ఒకటి ఆహారానికి. నర్సు చక్రం తిప్పి చూసుకుని ఇస్తుంది. ఇన్సులిన్ గంటకు 6 యూనిట్లు దాటదు. షుగరు లొంగకపోతే ఇన్సులిన్ కుమ్మరించకుండా ఆహారాన్ని కొంత తగ్గిస్తుంది. అంటే ఆహారం, ఇన్సులిన్ రెండూ ఒకే ఖాతా పుస్తకంలో రెండు పేజీలు. ఒకటి మార్చి రెండోది వదిలేయడానికి వీల్లేదు. తరువాత స్టార్ అనే పేరుతో కంప్యూటరు పద్ధతి తెచ్చారు. దాన్ని హంగరీలో గ్యులా అనే ఊరి ఆస్పత్రిలో కూడా వాడారు. షుగరు 4.4 కంటే, అంటే 80 కంటే, తగ్గే అవకాశం నూటికి ఐదు దాటకుండా అది మోతాదు లెక్కిస్తుంది. మళ్ళీ పరీక్ష ఒక గంటకా, రెండు గంటలకా, మూడు గంటలకా అన్నది నర్సు ఎంచుకోవచ్చు. ఎక్కువసేపు చూడకుండా ఉండాలంటే అది తక్కువ ఇన్సులిన్ ఇస్తుంది. నాకు మామయ్య గుర్తుకు వచ్చింది ఆ ముక్క దగ్గరే.

ఇదేదో సంజీవని అని చెప్పడం నా ఉద్దేశం కాదు. స్ప్రింట్ ఫలితాలు అదే ఆస్పత్రిలో అంతకుముందు రోగులతో పోల్చి చూసినవి. చీటీ వేసినట్టు విడదీసి చేసిన పరీక్ష కాదు. 2023లో లూవెన్ వాళ్ళే మళ్ళీ 9,230 మందితో ఒక పరీక్ష చేశారు. ఈసారి కంప్యూటరు లెక్కతోనే షుగరును బిగించారు. తొలి రోజుల్లో నరం ద్వారా పోషకాహారం ఇవ్వలేదు. 40 కంటే పడిపోవడం 1 శాతానికే జరిగింది, బిగించనివాళ్ళలో 0.7 శాతానికి. అంటే లెక్క ప్రకారం చేస్తే ప్రమాదం లేకుండా బిగించవచ్చునని తేలింది. కానీ దానివల్ల రోగి ఐ.సి.యు.నుంచి త్వరగా బయటపడలేదు, చావులు తగ్గలేదు. అంకె ఎంత తగ్గింది అన్న ప్రశ్న కంటే, ఆ అంకెను ఎంత జాగ్రత్తగా పట్టి ఉంచారు అన్నదే ముఖ్యమని నాకు అర్థమైంది.

నాన్నగారి దగ్గరకు వస్తాను. ఐదో రోజు సాయంత్రం చూసే వేళకు నేను లోపలికి వెళ్ళేసరికి ఆయన్ను ఛాతీ స్కానుకు తీసుకువెళ్ళడానికి మంచం కదుపుతున్నారు. నర్సు, మలయాళీ అమ్మాయి, ఆహారపు గొట్టం మూసింది. నా గుండె దడదడలాడింది. అడుగుదామని నోరు తెరిచేలోపల ఆమె పక్కకు తిరిగి ఇన్సులిన్ పంపు కూడా ఆపింది. రెండింటి టైములూ చార్టులో రాసింది. చేతి ధమనిలో ఉన్న గొట్టంనుంచి రక్తం తీసి చూసింది, 8.3. యాభై నిమిషాల్లో తిరిగి వచ్చారు. మళ్ళీ చూసింది, 9.6. ఆహారం మొదలుపెట్టి, ఆ తరువాతే పంపు తెరిచింది.

"సిస్టర్, ఇన్సులిన్ ఎందుకు ఆపారు?" అని అడిగాను, తెలిసే అడిగాను.

"ఫీడు ఆపితే ఇన్సులిన్ ఆపాలి సార్. మాకు మొదటి రోజు నేర్పేది ఇదే" అంది, ఇందులో వింతేముంది అన్నట్టు.

నేను బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపు లేవలేకపోయాను. ఆ రాత్రి తమ్ముడు ఫోను చేస్తే, "తొమ్మిది చాలు. దాన్ని అలాగే ఉండనీ" అన్నాను. మామయ్య సంగతి మొదటిసారి వాడికి చెప్పాను. అవతలనుంచి ఏమీ వినిపించలేదు కాసేపు.

పదకొండో రోజు నాన్నగారికి వెంటిలేటరు తీసేశారు. జ్వరం దిగుతున్నకొద్దీ ఇన్సులిన్ అవసరం తగ్గుతూ వచ్చి, వార్డుకు మార్చేనాటికి పూర్తిగా ఆగిపోయింది. మార్చి నెలలో తెనాలి తిరిగి వెళ్ళారు.

ఆ వేసవిలో సెలవుకు వెళ్ళినప్పుడు అత్తయ్యను చూడటానికి వెళ్ళాను. అమ్మను కూడా కూర్చోబెట్టి 2006 సంగతి మొత్తం చెప్పాను. నేను అడిగింది, పంపు ఆపకపోవడం, 26. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అత్తయ్య మాత్రం కన్నీరు పెట్టలేదు. చాలాసేపటికి అంది:

"నువ్వు మేలు కోరే అడిగావు నాయనా. అంకె ఎంతైతేనేం గానీ, ఆ రాత్రి ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే బాగుండేది."

నేను అన్ని కాగితాలు చదివి తెలుసుకున్నదాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పింది.

ఒమాన్‌లో పెద్దవాళ్ళలో 100కి 11.6 మందికి చక్కెర వ్యాధి ఉందని 2000 నాటి సర్వేలోనే తేలింది. మన ఇళ్ళల్లోనూ లేని ఇల్లు తక్కువ. అది ఉన్నా లేకపోయినా, మనవాళ్ళెవరైనా ఐ.సి.యు.లో ఉంటే డాక్టరును "షుగరు ఎంత తగ్గించారు?" అని నిలదీయకండి. ఎన్ని గంటలకొకసారి చూస్తున్నారని అడగండి. స్కానుకో ఆపరేషనుకో ఆహారం ఆపినప్పుడు ఇన్సులిన్ సంగతి ఎవరు చూస్తారని అడగండి. వేలు పొడిచి చూస్తున్నారా, ధమని రక్తం చూస్తున్నారా అని కూడా అడగవచ్చు. ఒళ్ళు వాచి, బీపీ పడిపోయినప్పుడు వేలి రక్తం తప్పు చెప్పవచ్చు. ఇండియాకు ఫోను చేసేటప్పుడు ఏ కొలతో చెప్పండి, లేకపోతే తొమ్మిది విని అక్కడ హడలిపోతారు. ఇంటికి వచ్చిన తరువాత రెండు మూడు నెలలకు మళ్ళీ షుగరు పరీక్ష చేయించండి. జబ్బులో ఇలా షుగరు పెరిగినవాళ్ళకు తరువాత నిజంగానే ఆ వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. నాన్నగారికి ప్రతి ఆరు నెలలకూ చేయిస్తున్నాం, ఇంతవరకు రాలేదు.

నేను డాక్టరును కాను. రాసినదాంట్లో తప్పులుంటే మన సంఘంలోని డాక్టర్లు దిద్దగలరు. వచ్చే నెలలో దిద్దుబాటు వేస్తే ఇంకా సంతోషిస్తాను.

పక్క ఫ్లాటువాళ్ళు ఇప్పటికీ పండుగకు హల్వా పంపుతారు. కొంచెం డబ్బాలో పెట్టి ఊరికి పంపించమని నాన్నగారు అడుగుతుంటారు. అమ్మ మాత్రం ఫోనులో ఇంకా, "వద్దులేరా" అంటుంది.